ఫ్యాను తిరుగుతానే ఉంది

ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు మెట్ల మీద పొద్దుగూకితే ఏమీ కనిపించేది కాదు. ఒక సాయంత్రం మా అత్త తేలును తొక్కబోయి తప్పించుకుంది. దాంతో వానకు తడిసినా పాడవని లైటొకటి కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున బయటి గోడకు బిగించడానికి నా భర్త నిచ్చెన ఎక్కాడు. నేను మెయిన్ స్విచ్చి ఆపి వచ్చి నిచ్చెన పట్టుకున్నాను.

ఆయన పాత హోల్డరు ఊడదీసి తీగ వైపు చెయ్యి చాపుతుండగా లోపలి నుంచి అత్త కేక వేసింది.

“ఏందప్పా, కరెంటు తీసినామంటిరి, ఈడ ఫ్యాను తిరుగుతానే ఉందే!”

“తీగ ముట్టుకోవద్దు!” అని అరిచాను. ఇంట్లో ఇన్వర్టరు ఉన్న సంగతి అప్పటిదాకా ఇద్దరికీ తట్టలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, జేబులోని టెస్టరు తీసి తీగకు ఆనించాడు. అది ఎర్రగా వెలిగింది.

దిగి ఇన్వర్టరు కూడా ఆపాడు. ఫ్యాను నిలిచిందని అత్త చెప్పాక మళ్ళీ టెస్టరు పెట్టి చూశాడు. ఈసారి వెలగలేదు. ఆ తర్వాతే కొత్త లైటు బిగించాడు.

సాయంత్రం స్విచ్చి వేస్తే మెట్లన్నీ తేటగా కనిపించాయి.

“అమ్మా, పొద్దున నువ్వు కేకెయ్యకుంటే...” అని ఆయన మొదలుపెట్టాడు.

“ఊరుకోప్పా, మంచి మాట మాట్లాడు. అన్నానికి రాండి” అంది అత్త.

ఆ పూట ఇద్దరం మామూలు కంటే ఎక్కువే తిన్నాం.