మురంబిడ్జీ ఒడ్డున పదిమందికి గారెల పిండి అట్లు

మా అమ్మాయి శ్రావణి తన గదిలో గోడకు ఒక మ్యాపు అంటించుకుంది. మురంబిడ్జీ ఏటి వెంట ఆరు ఎర్ర చుక్కలు పెట్టి, వెళ్ళొచ్చిన ప్రతి చోటి పక్కనా టిక్కు కొట్టేది. పారమట్టాలో ఆసుపత్రి ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, తన తెల్ల వ్యాను వేసుకుని ఏదో ఒక చిన్న ఊరి ఏటిగట్టుకు పోయి పడుకునేది. పాత వ్యానే. వెనక పరుపు, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బా, అన్నీ తనే అమర్చుకుంది. ఐదు చుక్కలకు టిక్కులు పడ్డాయి. ఆరోది వదిలేసింది. "ఇది నీతోనే అమ్మా, ఒక్క రాత్రి రా," అనేది. "ఇల్లూ వాకిలీ పెట్టుకుని ఏటిగట్టున పడుకునే ఖర్మ నాకేంటే," అనేదాన్ని. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే మాట అన్నాను. పోయిన ఏడు ఎండల్లో తలలో నరం చిట్లి రెండు రోజుల్లో వెళ్ళిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు.

ఏడాది దగ్గర పడుతుంటే మా ఊరి పంతులుగారికి ఫోన్ చేశాను. "పెళ్ళికాని ఆడపిల్లకు తల్లిదండ్రులు పెట్టే తద్దినమంటూ ఏదీ లేదమ్మా. ఆ తిథి నాడు పదిమందికి కడుపునిండా పెట్టండి, చాలు," అన్నారు ఆయన. లేదు అన్న మాట నాకు సహించలేదు. లేకపోతే నేనే ఒకటి పెట్టుకుంటాననుకున్నాను. ఆరో చుక్క దగ్గర, ఆ ఏటి ఒడ్డునే, నా చేత్తో గారెలు వండి పదిమందికి పెట్టాలి. మా ఇళ్ళల్లో గారెలు లేని సంవత్సరీకం ఉండదు.

మా ఆయన ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. కానీ షుగరుతో చూపు తగ్గి ఈ దేశంలో లైసెన్సు రాలేదు. వ్యాను అమ్మేద్దామన్నారు. వద్దన్నాను. "ఎవరు నడుపుతారే దాన్ని?" అన్నారు. "నేను," అన్నాను. ఆయన నా మొహం వంక చూసి లేచి వెళ్ళిపోయారు. నేను చదివింది ఐదో తరగతి. ఇక్కడి కంప్యూటరు పరీక్ష తెలుగులో లేదు. ప్రశ్న చదవడం రాకపోయినా దాని ఆకారం గుర్తుపెట్టుకుని, మూడోసారికి పాసయ్యాను. రోడ్డు మీద పరీక్ష రెండోసారికి. ఇప్పుడు వ్యానుకు ముందూ వెనకా ఎర్ర పీ అక్షరం బిళ్ళలున్నాయి. ఆ బిళ్ళ ఉన్న కొత్త డ్రైవర్లు గంటకు తొంభై కిలోమీటర్లు దాటి పోకూడదు. అందుకే మీరు నాలుగు గంటల్లో పోయే దూరానికి నాకు ఐదున్నర పడుతుంది. నా లెక్కలు చూసి కంగారు పడకండి.

ద పాండ్స్‌లో మా ఇంటి నుంచి ఉదయం ఆరింటికి బయల్దేరి ఎమ్ సెవెన్ మీదుగా హ్యూమ్ హైవే ఎక్కాం. మధ్యలో ఆగుతూ గండగై చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడ ఏటి పక్కనే, రాత్రికి బండి నిలుపుకుని పడుకునే కారవాన్ పార్కు ఉంది. కరెంటు ఉన్న చోటుకు రాత్రికి నలభై అయిదు డాలర్లు తీసుకున్నారు. స్నానాలకు వేడినీళ్ళు, అందరికీ కలిపి ఒక వంటపాక, దాంట్లో ఫ్రిజ్జు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి లోపలికి రానిస్తారు, మర్నాడు పదింటికల్లా ఖాళీ చెయ్యాలి. వ్యానును వెనక్కి తిప్పి గీతల మధ్య పెట్టడమే కష్టం.

"రానీ... రానీ... ఎడం కొట్టు. అది ఎడమా? అన్నం తినే చెయ్యి కాదే, రెండోది," అని కేకలు మా ఆయనవి.

"మీ బస్సు వెనక కండక్టరు కూడా ఇట్టాగే అరిచేవాడా?"

"వాడు అరిస్తే నాకు అర్థమయ్యేది."

ఏడాదిలో ఆయన నాతో అన్ని మాటలాడింది ఆ రోజే.

రెండో రోజు వాగా వాగా మీదుగా నరాండెరా. నూట ఎనభై కిలోమీటర్లు, మధ్యలో టీకి ఆగి మూడు గంటలు. పొద్దున్నే గండగైలో నానబోసిన మినప్పప్పు సాయంత్రం అక్కడి కారవాన్ పార్కు వంటపాకలో మిక్సీలో రుబ్బాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మిక్సీ. ఆ చప్పుడుకు పక్క గుడారం వాళ్ళు తొంగిచూశారు. నీళ్ళు చిలకరించి చిలకరించి గట్టిగా రుబ్బి, ఐసు పెట్టెలో పెట్టాను. అల్లప్పచ్చడి ఇంటి దగ్గరే చేసి సీసాకెత్తాను.

మూడో రోజు తిథి. నరాండెరా నుంచి డార్లింగ్‌టన్ పాయింట్‌కు గంట దారి. ఊరి మొదట్లో రోడ్డు పక్కన అరచక్రం బోర్డు ఉంది, దాని ముల్లు నారింజరంగు మీద ఉంది. ఎండ ఎక్కువని చెబుతోంది కాబోలు అనుకుని ముందుకు పోయాను. నా పరీక్ష ప్రశ్నల్లో ఆ బొమ్మ లేదు మరి.

శ్రావణి చుక్క పెట్టిన చోటు ఊరికి మూడు కిలోమీటర్లు. మట్టిదారిలో పోయి ఏటిగట్టు ఎక్కాలి. డబ్బు కట్టక్కర్లేదు, బుకింగూ లేదు. కుళాయి లేదు, కరెంటు లేదు, ఒక గుంట మరుగుదొడ్డి మాత్రం ఉంది. పెద్ద పెద్ద రెడ్ గమ్ చెట్లు, కింద గోధుమరంగు నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి. పదింటికే నేల కాలుతోంది. నేను చాప పరిచి, పొయ్యి దించి, మూకుడులో నూనె పోసి, లైటరు అందుకున్నాను.

"ఆగు, ఆగు, లవ్!" అని కేక. పక్క కారవాన్ లోంచి ఒక పెద్దామె పరుగులాంటి నడకతో వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి, వెనకాలే కుక్క. ఇక్కడి ముసలమ్మలు ఎవరినైనా లవ్ అనే పిలుస్తారు. పేరు జూన్ అని తర్వాత చెప్పింది. "ఇవాళ ఫైర్ బ్యాన్. ఊళ్ళోకి వచ్చేటప్పుడు బోర్డు చూళ్ళేదా? నిప్పు వెలిగించకూడదు."

"నో ఫైర్. గ్యాస్ ఓన్లీ," అన్నాను.

"ఇక్కడ గ్యాసూ కూడదు. ఈ గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు, గట్టంతా తగలబడుతుంది. పైగా అంత నూనె! దేనికి అంత నూనె?"

నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా కూడదీసుకున్నాను. "టుడే మై డాటర్ డే. షీ డైడ్. వన్ ఇయర్. ఐ మేక్ ఫుడ్, టెన్ పీపుల్ ఈట్. హియర్."

ఆమె నా చేతిలో లైటరు వంక చూసింది. తీసుకోలేదు. నేనే జేబులో పెట్టుకునేదాకా నిలబడింది.

మా ఆయన చాప మీద కూర్చుండిపోయారు. "చెప్పానా? ఇంట్లో చేసుకునేది ఇంట్లో చేసుకోవాలే. పద, రేపు ఇంటికి పోయాక వండుదువు."

"రేపు తిథి ఉంటుందా?"

"మరి నిప్పు లేకుండా గారె ఎట్టా వేగుద్ది?"

నూనె మళ్ళీ సీసాలోకి వంచాను. ఒక్క చుక్క కింద పడకుండా వంచాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా.

జూన్ మాత్రం పోలేదు. "ఊళ్ళో పార్కులో బార్బీ ఉంది, అందరూ కాల్చుకునే పెనం. కరెంటుది. దానికి ఈ నిషేధం లేదు, ఇవాళ పొద్దున్నే అడిగాను, నా సాసేజీల కోసం," అంది. సాసేజీలు అనగానే మా ఆయన నా వంక చూశారు. అందరూ మాంసం కాల్చుకునే పెనం మీద నా బిడ్డ పేరు మీద వంటా?

"ఊరందరి ఎంగిలి పెనం," అన్నారు మా ఆయన తెలుగులో.

"మీ బస్సులో ఊరందరూ ఎక్కలేదా? పొద్దున్నే కడిగి, అగరొత్తి వెలిగించి బండి తియ్యలేదా మీరు?"

ఆయన లేచి చాప మడిచారు.

"అయినా చుక్క ఇక్కడ కదా పెట్టింది," అన్నాను నేనే మళ్ళీ, కాలు కదలక.

గోడ నుంచి ఊడదీసి తెచ్చుకున్న మ్యాపును ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. "లావు పెన్నుతో పెట్టింది. ఊరూ, ఏరూ, పార్కూ అన్నీ ఈ చుక్క కిందే ఉన్నాయి. బండి తియ్యి."

పార్కు ఏటి పక్కనే. రేకుల నీడ, కింద ఇటుక దిమ్మ, దాని మీద స్టీలు పెనం. డబ్బులు వెయ్యక్కర్లేదు, బటన్ నొక్కితే వేడెక్కుతుంది. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది, మళ్ళీ నొక్కాలి. చింతపండు, ఉప్పు వేసి ఆ పెనం తోమాను. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. నలభై రెండు డిగ్రీల ఎండలో అరగంట. పసుపునీళ్ళు చల్లి, మధ్యలో ఉన్న కన్నం వదిలేసి పైన వెండిరంగు రేకు కాగితం పరిచాను. జూన్ బల్ల మీద కూర్చుని చూస్తోంది. "ఈ ఊరి కౌన్సిల్ నీకు ఉద్యోగం ఇవ్వాలి," అంది.

ఆ పెనం నడిమికి వాలుగా ఉంటుంది, మధ్యలో కొవ్వు కారిపోవడానికి కన్నం. అట్టు పిండి అయితే జారి అందులో పడేది. నాది గారెల పిండి. తడి చేత్తో తట్టితే తట్టినచోటే ఉంది. నాలుగు చుక్కల నూనె వేసి రెండువైపులా ఎర్రగా కాల్చాను. మా ఆయనకు బటన్ నొక్కే పని ఇచ్చాను. "ముప్పై ఏళ్ళు స్టీరింగు తిప్పి, చివరికి కండక్టరు గంట కొట్టే పనికి దిగాను," అన్నారు. ఒక్కసారి కూడా పెనం చల్లారనివ్వలేదు.

మొదటి అట్టు, బెల్లంముక్క కాగితం పళ్ళెంలో పెట్టి, నీళ్ళ అంచున ఉంచి దణ్ణం పెట్టాను. మంత్రం రాదు. "వచ్చానే," అన్నాను.

తర్వాత జనం కోసం చూశాను. ఆ ఎండకు పార్కులో పిట్ట లేదు. జూన్ తిన్నది, ఒకరు. ఆమె ఫోన్ చేస్తే గట్టు మీద గుడారం వేసుకున్న ముసలి దంపతులు వచ్చారు, మొత్తం ముగ్గురు. చెత్తడబ్బాలు ఖాళీ చేసే కౌన్సిల్ మనిషి పచ్చ చొక్కాతో వచ్చి, వాసన చూసి ఆగాడు, నలుగురు. ఈతకు పోతున్న ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. పిల్లలకు అల్లప్పచ్చడి వద్దని బెల్లం పెట్టాను, ఏడుగురు. తర్వాత ఎంతసేపటికీ ఎవరూ రాలేదు.

"నా కుక్కను లెక్కెయ్యి," అంది జూన్.

"డాగ్ ఈట్, బట్ నో కౌంట్," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండింటికి పెద్ద లారీ ఒకటి మరుగుదొడ్డి కోసం ఆగింది. సర్దార్జీ దిగాడు. నేను అడ్డంపోయి నిలబడి పళ్ళెం చాచాను. తిని, "ఇది మేం పెరుగులో వేసుకునే భల్లేల పిండే కదా మాతాజీ! ఇంకొకటి," అని అడిగి మూడు తిన్నాడు. ఎందుకు పెడుతున్నానో విన్నాక, వెళ్ళేముందు నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఎనిమిది. మా ఆయనను కూర్చోబెట్టి పెట్టాను, తొమ్మిది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆయన మినుము ముట్టలేదు.

మూడున్నర అయింది. పిండి ఒక్క అట్టుకే మిగిలింది. నేను రోడ్డు వంక చూస్తూనే ఉన్నాను.

"కూర్చోవే," అన్నారు మా ఆయన.

"ఇంకొకళ్ళు రావాలండీ."

"అది ఈ చుక్క పెట్టింది ఎవరి కోసం? లారీవాడి కోసమా? నిన్ను పిలిచింది. నిన్ను కూర్చోబెట్టి తినిపించాలని పిలిచింది. పదో మనిషివి నువ్వే. కూర్చో."

ఆయనే పిండి తట్టారు. గుండ్రంగా రాలేదు. బటన్ నొక్కారు, తిరగేశారు, ఒక పక్క మాడింది. జూన్ జరిగి నాకు చోటిచ్చింది. కూర్చుని మొత్తం తిన్నాను.

ఆ రాత్రి ఏటిగట్టు మీద వ్యాను తలుపు తీసి పెట్టుకుని శ్రావణి పరుపు మీద పడుకున్నాం. తెల్లారాక మ్యాపులో ఆరో చుక్క పక్కన టిక్కు నేనే కొట్టాను. నాకు ఏడుపు తగ్గిపోయిందని ఎవరికీ చెప్పను, తగ్గలేదు. కానీ ఒక పని అనుకున్నాను, చేశాను. వచ్చే ఏడు ఆ తిథికి ఇంకో ఏరు, ఇంకో ఊరు. ఏడో చుక్క నా పెన్నుతో పెట్టాను, చోటు మా ఆయన చూపించారు. ఎప్పుడూ గుమ్మం దాటని నా బోటి వాళ్ళు ఇది చదువుతుంటే ఒకటే చెబుతాను. ఈ చిన్న ఊళ్ళలో ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు. చూసినా, పళ్ళెం చేతికిస్తే కూర్చుంటారు.

ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: బయల్దేరే ముందు రోజు సాయంత్రమే, మీరు వెళ్ళే ఊరికి మర్నాడు ఫైర్ బ్యాన్ ఉందేమో ఫోనులో చూసుకోండి. ఉంటే గ్యాసు పొయ్యిని నమ్ముకోకుండా, ఊరి పార్కులో కరెంటు బార్బీ ఉందా, ఆ రోజు వాడనిస్తారా అని అక్కడే అడిగి తెలుసుకోండి. దాని మీద అట్లు పోసేటట్టయితే పిండి మాత్రం గట్టిగా రుబ్బుకోండి, పలచనైతే మధ్య కన్నంలోకి పోతుంది.