మూత తీసిన చెయ్యి

దయ్యాలూ లేవు, గాలులూ లేవు. నేను మొదటినుంచీ ఇదే అంటాను. మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపుకింత పెట్టి చూడండి అనేదాన్ని. సగం గాలి గంజితోనే దిగిపోయేది. అందుకే ఈ సంగతి చాలా ఏళ్ళు బయట పెట్టలేదు. నలుగురిని నవ్విన నోరు కదా, నన్నూ నవ్వుతారని.

ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉన్న రోజులవి. నరసరావుపేట అవతల మెట్ట ఊరు మాది. మిరప, పత్తి, తినడానికి జొన్న. ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, మా అత్త ఎస్తేరమ్మ, నా నాలుగేళ్ళ కూతురు సలోమి.

మా ప్రభువు గుడిలో ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. రోజూ ఎసరు పెట్టేముందు దేవుడికని పిడికెడు గింజలు వేరే కుండలో వెయ్యాలి. వేస్తూ మన అక్కర ఏదో ఒకటి ఆయనకు చెప్పుకోవాలి. ఆదివారం ఆ గింజలు తీసుకెళ్ళి గుడిలో పోసేవాళ్ళం. ఇది నాకు నేర్పింది మా అత్తే. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆమె ఒక్కపూట మానలేదట. మనం మాట్లాడకపోతే ఆయనకేం పోదు, మనకే ఆయన దూరమవుతాడు అనేది.

తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. కుడిచేతికి చీమలు కుట్టి వాచినా తెలిసేది కాదు. అప్పటినుంచి కుండ పని నాకొచ్చింది.

ఆ మరుసటేడే సలోమికి జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. మిషనాసుపత్రి డాక్టరమ్మ పట్టి చూసి, వస్తే రావచ్చు, చెప్పలేను అన్నది. ఏడాదిపాటు రోజూ పిడికెడు వేసి దాని పేరే చెప్పాను. కాలు కదల్లేదు.

ఒకరోజు వీధిలో పిల్లలు పరుగులు పెడుతుంటే అది గడపలో కూర్చుని చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గింజలు మళ్ళీ జొన్నల బానలో పోసేసి, ప్రభువా, ఇక ఇంకో ఇల్లు చూసుకో అని గట్టిగానే అన్నాను. మంచంమీద అత్త విన్నది. అది సోమవారం. ముందురోజే కుండ గుడిలో ఖాళీ చేసి వచ్చాను.

ఆదివారం కుండ బోర్లించి పెడదామని గూట్లోంచి తీస్తే బరువుగా ఉంది.

పోసి నా పిడికిలితో కొలిచాను. ఆరు రోజులకు ఆరు రావాలి, ఎనిమిది దాకా వచ్చాయి. నా చెయ్యి చిన్నది. ఇవి పెద్ద చేతివి. మా ఆయన్ని అడిగితే వంటింటి జోలికి నేనెందుకొస్తానని కసిరాడు. బానలో తగ్గాయా అని చూశాను. రోజుకో పిడికెడు తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. నా భయం కుండ గురించి కాదు, పిల్ల గురించి. నోరు జారినందుకు దాని రెండోకాలు కూడా పోతుందేమోనని దుప్పటి కింద ఆ కాలు తడుముతూనే ఉన్నాను.

మర్నాడు పంతం పట్టాను. కుండ మూతకు లోపలా బయటా కొత్త మిరపకారం పులిమాను. సలోమిని ఎదురింటామెకు అప్పగించాను. అత్త మంచం బయట పంచలో వేశాను. తలుపుకు తాళం వేసి చెవి కొంగున ముడేసుకుని, మా ఆయనతో కలిసి మిరప కల్లానికి పోయాను. రోజంతా తాలుకాయలు ఏరుతున్నానే గాని మనసంతా ఆ మూతమీదే.

పొద్దు వాలకముందే వచ్చాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. మూతమీద కారం చెదిరింది. కుండలో పిడికెడు జొన్నలు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండగా బయటనుంచి అత్త మూలిగింది. చెయ్యి మండుతోందంటోంది.

ఏ చెయ్యని అడిగాను. కళ్ళతో చూపించింది. కుడిచెయ్యి. ఎర్రగా కందింది. గోళ్ళ సందుల్లో కారం.

లేచావా అత్తా అని అడిగాను.

"లేవలేనుగా అమ్మాయ్. అడుగుతున్నా, అంతే. నువ్వు మానేసిన కాడ్నించి రోజంతా ఆయన్నే అడుగుతున్నా, నా మనవరాలి పిడికెడు ఎవరిచేతన్నా వేయించు ప్రభువా అని."

ఆ చేతికి ఆముదం రాస్తూ ఏడ్చాను. లోపలికి పోయి పిడికెడు తీశాను. కుండలో వేసి సలోమి పేరు చెప్పాను. తెల్లారి అత్త చెయ్యి గిచ్చి చూశాను. తెలియలేదంది. ఆ తర్వాత కుండలో నేను వేసినవి తప్ప ఒక్క గింజ ఎక్కువ రాలేదు.

ఆ వానాకాలంలోనే అత్త పోయింది. సలోమి పై ఏడు గోడ పట్టుకుని నిలబడింది. కుంటుతూనే అయినా నడిచింది. కొందరికి అలా వస్తుందని డాక్టరమ్మ అన్నది. ఆవిడ మాట నేను కాదనను. ఆ చేతికి కారం ఎలా అంటిందో మాత్రం ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు చిక్కదు.

ఇప్పుడు జొన్నలు పోయి బియ్యం వచ్చాయి. ఆ రోజునుంచి ఒక్కపూట మానలేదు. గుడిలో నా భక్తి చూసి మెచ్చుకుంటారు. కొంత భక్తే. ఆయనతో రోజూ మాట్లాడి అలవాటైపోయింది, మాట్లాడకపోతే తోచదు. కానీ జ్వరంతో తల ఎత్తలేని రోజున కూడా గోడ పట్టుకుని కుండ దగ్గరికి పోయేది అందుకు కాదు. నేను వెయ్యకపోతే, పాపం, ఎవరు లేచి రావాల్సి వస్తుందోనని.