టీచరమ్మ చెప్పిన సాక్ష్యం

అలమేలమ్మ టీచరు పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లు గుడియాత్తంలో వీధికి నలుగురు ఉన్నారు. రోజూ నా అంగడి ముందు నుంచే పోయి వస్తుంటారు. ఒక్కరికీ నోరు రాలేదు. పోయిన నెల వేలూరులో ఒక పాత ఇనుప సామాన్ల అంగట్లో ఫ్యాను రెక్క కోసం వెతుకుతుంటే రిబ్బను సిరా, మిషను నూనె కలిసిన వాసన ముక్కుకు తగిలింది. వంగి చూశాను. మూలన పడేసిన టైపు మిషన్ల మీద తెల్ల పెయింటుతో వేసిన అంకెలున్నాయి. టీచరమ్మ దగ్గర ఆ ఏడో నంబరు మిషను ముందు నేను రెండేళ్లు కూర్చున్నాను. ఈ సరుకు ఎక్కడిదని అడిగితే, జోలార్పేటలో ఒక ముసలావిడ పోయి ఎనిమిది నెలలయిందని, ఆమె చెల్లెలు అమ్మేసిందని అంగడివాడు చెప్పాడు.

ఊరికి తిరిగి వచ్చి, నాతోపాటు టైపు నేర్చుకున్న దామోదరాన్ని నిలదీశాను. పదకొండో రోజుకు అందరూ కలిసి పోయి వచ్చారట. నన్నెందుకు పిలవలేదని అడిగాను. అతను "నువ్వు వస్తావని ఎవురూ అనుకోలేదప్పా," అన్నాడు. ఆ మాటకు కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. కోపం తెచ్చుకోవడం నాకు కష్టమైన పని కాదు. ఈసారి మాత్రం రాలేదు.

గుడియాత్తం బజారు వీధిలో ఒక బట్టల కొట్టు మీది మేడగదిలో ఆమె ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మాది మేస్త్రీల కుటుంబం. నాన్న, మామలు కట్టడం పనికి పోయేవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లం గానీ అక్షరం ఎవరికీ రాదు. బడిలో అంతా తమిళమే. తరగతులయ్యాక, పాడైన టైపు కాగితాల వెనకవైపు దిద్దించి నాకు తెలుగు రాయడం నేర్పింది ఆమే. అంతకంటే ఎక్కువగా నేర్పింది అర్జీ రాయడం. కరెంటు ఆఫీసుకనీ, తాలూకాఫీసుకనీ అర్జీలు రాయించుకోవడానికి కే.వి.కుప్పం నుంచి కూడా జనం ఆ మేడమెట్లు ఎక్కి వచ్చేవాళ్లు. వాళ్ల గోడునంతా ఓపిగ్గా విని చివరికి ఒకటే అడిగేది: "ఇది నువ్వు చూసినావా, ఎవురన్నా చెప్పినారా?" చూసిందే కాగితం మీదికి ఎక్కేది. ఒకసారి మా వీధి కుళాయి గురించి నేను సొంతంగా రాసుకొచ్చిన అర్జీలో 'లంచం తిని' అన్న మాట ఉంది. దాని కింద వేలు పెట్టి, "ఆయన తినేటప్పుడు నువ్వు పక్కన ఉంటివా నాయనా? ఆకు వేసింది నువ్వేనా?" అంది. గదంతా నవ్వింది. నవ్వినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

తొంభైల మధ్యకు వచ్చేసరికి ఊళ్లో అందరి నోటా కంప్యూటరు మాటే. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, కాలేజీ రిపోర్టులు, ఏది కావాలన్నా వేలూరుకు పోవాలి. మనమే ఒకటి పెడితే బాగుంటుందని నాకనిపించింది. మా చెల్లెలు తన మెడలోని గొలుసు తీసి ఇచ్చింది. వేలూరులో అద్దాల తలుపులున్న ఒక షాపులో కొన్నాను. కొత్తదని బిల్లు మీద రాసి ఇచ్చారు. మా ఇళ్లలో కొత్త వస్తువు ఏది వచ్చినా స్విచ్చు వేయకముందే బొట్టు పెట్టాలి. అట్టపెట్టెలోంచి తీసి, బల్ల మీద పెట్టి, వెనక్కి తిప్పి కూడా చూడకుండా, ముందు టీచరమ్మను పిలిపించి ఆమె చేత్తో కుంకుమ పెట్టించాను. కొబ్బరికాయ కొట్టి అప్పుడు స్విచ్చు వేశాం.

ఎనిమిదో రోజున తెర నల్లబడి మళ్లీ వెలగలేదు. టీచరమ్మ తన మిషన్లను తానే విప్పి బిగించుకునే మనిషి. కబురు పంపితే స్క్రూడ్రైవరు చేతపట్టుకుని వచ్చింది. యంత్రాన్ని వెనక్కి తిప్పింది. వెనక రేకు మీద, తీగల గుత్తి చాటున, తుడిచీ తుడవని విభూతి పట్టెలు మూడు కనిపించాయి. స్క్రూల తలలు అప్పటికే అరిగి ఉన్నాయి. మూత తీస్తే అడుగున దుమ్ములో కలిసిపోయి నల్లబడిన చామంతి రేకులు. ఆమె ఒక రేకును గోటితో ఎత్తి వెలుతురులో చూసింది. "మనకన్నా ముందే దీనికెవురో ఆయుధపూజ చేసినారు రత్నం," అంది.

వేలూరుకు పోతే షాపు యజమాని నన్ను ఫ్యాను గాలి తగలని మూల నిలబెట్టి, నా తర్వాత వచ్చిన ముగ్గురిని పంపించాక తలెత్తాడు. పెట్టె విప్పాక తమకు సంబంధం లేదన్నాడు. సిమెంటు కలిపేవాళ్లకు కంప్యూటరు ఎందుకని పక్కవాడితో అన్నాడు, నాకు వినబడేలాగే.

వేలూరులో వినియోగదారుల ఫోరం ఉందని, అక్కడ వకీలు లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చని టీచరమ్మే కనుక్కొని వచ్చింది. ఫిర్యాదు కూడా తానే టైపు చేసింది. ఒక్క పేజీ. నాకది చాలలేదు. ఆ విభూతి, ఆ పూలు మా ఇంట్లోవేనని షాపువాళ్లు అంటారని భయమేసింది. ఆమె భోజనానికి పోయినప్పుడు ఆ పేజీని మొదటినుంచి మళ్లీ టైపు చేసి, చివర ఒక వాక్యం చేర్చాను. మేము ఆ యంత్రానికి ఏ పూజా చేయలేదని. కింద సంతకం పెట్టి, నిజమని ప్రమాణం చేసి దాఖలు చేశాను. ఆమెకు చెప్పలేదు.

విచారణ రోజు ఆమె నా సాక్షిగా వచ్చింది. షాపు తరఫు వకీలు నేను చేర్చిన వాక్యాన్ని గట్టిగా చదివి, ఇది నిజమేనా అమ్మా అని తమిళంలో అడిగాడు. ఆమె తిరిగి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. "పూజ చేసినాము. బొట్టు పెట్టింది నేనే," అని ఆమె కూడా తమిళంలోనే జవాబు చెప్పింది. వకీలు ఫోరం సభ్యుల వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత కూడా ఆమె చాలాసేపు మాట్లాడింది. నేను ఒక్క ముక్కా వినలేదు.

బయట మెట్ల దగ్గర ఆమె సంచిలో కాగితాలు సర్దుకుంటుంటే వెనకనుంచి పోయి అడిగాను: "ఆ షాపోడు నీకెంత ఇచ్చినాడు?"

అప్పటిదాకా ఆమెను 'మీరు' అనకుండా మాట్లాడిన నోరు కాదు నాది. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు తలలు తిప్పి చూశారు. కాగితాలు సర్దుతున్న ఆమె చేతులు ఆగాయి. నావైపు తిరగలేదు. "బస్సుకు టైమయింది," అని మాత్రం అని నడిచింది. బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా కోపం ఆమెకు తెలియాలని. కండక్టరు వచ్చినప్పుడు చెయ్యి జేబులో పెట్టాను. ముందు కూర్చున్న అమ్మ నీకూ టికెట్టు తీసేసిందని చెప్పి పోయాడు.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. వాడిన యంత్రాన్ని కొత్తదని అమ్మారని తేలింది, కాబట్టి కొత్తది ఇవ్వాలని. ఎలా గెలిచానో నాకే అర్థం కాలేదు. మూడో పేజీ చదివాక అర్థమైంది. నా ప్రమాణంలోని మాట నిజం కాదని అక్కడ రాసి ఉంది. అయితే సాక్షి తనవాడికి నష్టం కలిగే విషయాన్ని కూడా దాచలేదు కాబట్టి ఆమె చెప్పిన మిగతాది నమ్ముతున్నామని రాశారు. తాము పెట్టింది ముందరవైపు కుంకుమ ఒక్కటేనని, తమవి నామం పెట్టుకునే ఇళ్లని, ఆ గడపల్లో విభూతి వాడరని, ఎనిమిది రోజుల్లో చామంతి రేకు ఆ రంగుకు రాదని ఆమె ఒక్కొక్కటే చెప్పిందట. నేను వినని మాటలు అవే.

ఆ తీర్పును నకళ్లు తీయించి బజారంతా పంచాను. మూడో పేజీ తీసేసి పంచాను.

కొత్త కంప్యూటరుతో నా అంగడి నిలబడింది. టైపుకు పోయే పిల్లలు ఒక్కొక్కరుగా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నాలుగేళ్లకు ఒక మధ్యాహ్నం టీచరమ్మ నా అంగడికి వచ్చి, మిగతావాళ్ల వెనక వరసలో నిలబడింది. ఇన్‌స్టిట్యూట్ మూసేస్తున్నానని తలుపుకు అంటించే నోటీసు కావాలంది. నేను టైపు చేస్తుంటే వెనక నిలబడి చూసింది. 'అనివార్య కారణాల వల్ల' అని కొట్టాను. "అది తీసెయ్. పిల్లోళ్లు రావడం లేదు, మూసేస్తా ఉండాను. అట్లనే కొట్టు," అంది. అట్లాగే కొట్టాను. అప్పుడైనా ఒక మాట అనవలసింది. అనలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "కన్నులు జాగర్త నాయనా, ఆ తెర దగ్గర శానాసేపు ఉండొద్దు," అని మెట్లు దిగిపోయింది.

నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా గుర్తుంటాయి. ఎవరు ఎక్కడ నిలబెట్టారో, ఏ మూలలో ఫ్యాను లేదో కూడా చెప్పగలను. నేను చేసినదాన్ని మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా దగ్గరికి అర్జీకి వచ్చేవాళ్లను నువ్వు చూశావా అని అడుగుతాను. చూడలేదంటే ఆ వాక్యం తీసేస్తాను. తీసేసిన ప్రతిసారీ ఫోరం మెట్ల దగ్గర ఆగిపోయిన ఆమె చేతులే కళ్లముందుకు వస్తాయి.

జోలార్పేటలో ఉన్న ఆమె చెల్లెలు సుందరమ్మ గారికి ఈ నెలలో రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. టీచరమ్మ లాగే ఆమె కూడా తెలుగు చదువుతుందని విన్నాను, అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను. సుందరమ్మ గారూ, నేను క్షమించమని అడగడం లేదు. ఆ హక్కు మీది కాదు, అది ఉన్న మనిషి లేదు. అడిగేది ఒక్కటే. వేలూరు ఫోరం మెట్ల మీద నేనన్న మాట మీ అక్క మీకెప్పుడైనా చెప్పిందా? చెప్పి ఉంటే చెప్పిందని రాయండి. ఎవరికీ చెప్పుకోకుండా ఒక్కతే మోసి ఉంటే, అదైనా రాయండి. మౌనంగా మాత్రం ఉండకండి. నాకు జవాబు కావాలి.