మావయ్య చెమట తుడుచుకున్న సినిమా

ఆ రోజుల్లో సినిమాకి వెళ్ళడమంటే అసలు బొమ్మ మొదలయ్యే వేళకి వెళ్ళడమే. టిక్కెట్టు మీద వేసిన టైముకి హాల్లో కూర్చునేవాళ్ళు మా అనకాపల్లిలో రెండు రకాలే: ఎండ తప్పించుకోవడానికి వచ్చినవారు, ఊరికి కొత్తవారు. మిగతా జనమంతా బయట సోడాలు తాగుతూ, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, లోపల డాక్యుమెంటరీ అయిపోయిందని గంట కొట్టేదాకా కదిలేవారు కాదు. ప్రభుత్వం వారి డాక్యుమెంటరీ వేశాకే అసలు సినిమా వెయ్యాలని రూలు. ఆనకట్టలు, ట్రాక్టర్లు, ఎక్కడో రిబ్బను కత్తిరిస్తున్న మంత్రులు, అందరూ ఖాళీ బెంచీల ముందు కాసేపు కదిలి, తమ మానాన తాము వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఏదో ఒక డాక్యుమెంటరీ వచ్చిందంటే చాలు, దేశమంతా రెండు జట్లయి తిట్టుకుంటోంది. అది చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. తిట్టడానికైనా ముందు చూడాలి కదా. (చాలామంది చూడకుండానే తిడుతున్నారని మా మనవడు అంటాడు. అలాగైతే పెద్దగా మారిందేమీ లేదు.)

అప్పట్లో నా బతుకంతా ఆ ఖాళీ బెంచీల మీదే ఆధారపడి ఉండేది. నాకు ఇరవై రెండేళ్ళు. ప్రచార కార్యాలయంలో టెంపరరీ గుమాస్తాని. ఊళ్ళో వేసే ప్రతి డాక్యుమెంటరీకీ ఒక ఫారం నింపి పై ఆఫీసుకి పంపాలి. అందులో చివరి గడి పేరు ‘ప్రేక్షకుల స్పందన’. హాలుకి వెళ్ళి, చూస్తున్నవాళ్ళని చూసి, వాళ్ళేమనుకున్నారో ఆ గడిలో రాయడమే నా ఉద్యోగం. మొదటి వారం నిజంగానే వెళ్ళాను. లోపల ఒకే ఒక్క ముసలాయన గోడకి జారగిలబడి నిద్రపోతున్నాడు. ‘ప్రేక్షకుడు నిద్రించెను’ అని రాసి తీసుకెళ్తే మా హెడ్‌గుమాస్తా ఆ కాగితం వంకా నా వంకా జాలిగా చూసి, “నీకు పర్మనెంటు అవ్వాలని లేదేటయ్యా?” అని, పాత ఫైలొకటి నా ముందు పడేశాడు. అందులో అందరూ వాడే వాక్యాలు నాలుగున్నాయి. ప్రేక్షకులు శ్రద్ధగా తిలకించిరి. హర్షధ్వానములు చేసిరి. ఇట్టి చిత్రములు మరిన్ని రావలెనని కోరిరి. దేశాభివృద్ధి పట్ల సంతృప్తి వెలిబుచ్చిరి. ఆ రోజు నుంచి నేను వాటినే ముందువెనకలు చేసి రాస్తూ పోయాను. పైగా మా ఆఫీసు తపాలా మధ్యాహ్నం పన్నెండింటికే వెళ్ళిపోయేది. మ్యాట్నీ ఏమో మూడింటికి. అంచేత ఆట మొదలవకముందే స్పందన పోస్టులో ఉండేది. ఇది మోసమని నాకు ఒక్కనాడూ తోచలేదు. చురుకుదనం అనుకున్నాను.

ఇలా ఉండగా ఆ ఏడు చెరకు నరికే రోజుల్లో ఊళ్ళో ఒకటే పుకారు. చెరకంతా మిల్లులకే తోలాలట, ఇకమీదట ఎవరూ బెల్లం వండకూడదట, బెల్లం బయటికి పంపాలంటే పర్మిట్లు కావాలట. బెల్లం మార్కెట్టు మీద బతికే ఊళ్ళో ఇలాంటి పుకారు పుడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇద్దరు కలిస్తే ఇదే మాట, ముగ్గురు కలిస్తే దెబ్బలాట. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి కెమెరాతో ముగ్గురు దిగారు. బెల్లం వండే చోటొకటి చూపించమని మా ఆఫీసుని అడిగారు. ఎందుకో ఏమిటో కనుక్కోవాలన్న జ్ఞానం ఉండాలి కదా, అది నాకు లేదు. ఎగిరి గంతేసి కశింకోట పక్కన పల్లెలో ఉన్న మా మేనమామ దగ్గరికి తీసుకెళ్ళాను.

మా మావయ్య గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆ చుట్టుపక్కల పాకం చూడటంలో ఆయన్ని మించినవాడు లేడు. ఉడుకుతున్న పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ‘దించండి’ అనేవాడు. ఆ క్షణం ముందూ కాదు, తర్వాతా కాదు. ఆయన బెల్లం దిమ్మ మార్కెట్టుకి వస్తే వర్తకులు గిల్లి చూసేవారు కారు, గోనె మీద గుర్తు చూసి పక్కన పెట్టించేవారు. మనిషి మాత్రం మాటల్లో వెనకబాటు. ఆయన గర్వమంతా ఆ దిమ్మల్లోనే ఉండేది.

సినిమా వాళ్ళు వస్తున్నారని మావయ్య పెళ్ళిళ్ళకి దాచుకునే జరీ కండువా వేసుకుని నిలబడ్డాడు. అత్త పొయ్యి చుట్టూ అలికి ముగ్గు పెట్టింది. కెమెరా పట్టుకున్నాయన మొదట ఆ కండువా తీసేయించాడు, తర్వాత ముగ్గు మీద చెరకుపిప్పి పోయించాడు. ఆ తర్వాత మావయ్యని పొయ్యి పక్కన నిలబెట్టి, చెమట తుడుచుకోమన్నాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకోమన్నాడు. అలా నాలుగుసార్లు. “ఒరే అల్లుడా, సెమటే తీత్తన్నారు గాని పాకం తియ్యరేట్రా?” అని మావయ్య నా చెవిలో అడిగాడు. “అలాగే తీస్తారు మావయ్యా, నీకు తెలీదు. దేశమంతా నిన్ను తెర మీద చూస్తుంది” అన్నాను, నాకేదో తెలిసినట్టు. ఆయన నమ్మాడు. నేను గవర్నమెంటు ఉద్యోగినాయె! వెళ్ళేటప్పుడు అత్త ముగ్గురికీ తలో అచ్చు బెల్లం కాగితంలో చుట్టి ఇచ్చింది. వద్దనకుండా పుచ్చుకున్నారు.

నాలుగు నెలలకి ఆ బొమ్మ మా ఊరి హాలుకి వచ్చింది. నేను కబురు పెట్టాను. ఆ రోజు మ్యాట్నీకి మావయ్య పల్లె పల్లెంతా నాలుగు బళ్ళు కట్టుకుని దిగింది. బెల్లం మీద సినిమా వచ్చిందని తెలిసి మార్కెట్టు వర్తకులూ వచ్చారు, వాళ్ళ ముందు సెట్టిగారు. ఆయన మాటంటే మార్కెట్లో శాసనం. మొదటి గంట కొట్టగానే హాలు నిండిపోయింది. గేటు దగ్గర సోడాలమ్మే సాయిబుగారు, బేరాలు లేకపోయేసరికి ఊళ్ళో ఏదో ఉపద్రవం వచ్చిందనుకుని తనూ లోపలికి వచ్చాడు. నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను. పొద్దున్నే ఫారం పంపేశాను కదా. మావయ్య మీద ప్రేమకొద్దీ ఈసారి సొంతంగా ఒక వాక్యం కూడా చేర్చాను: ‘బెల్లము వండు రైతులు స్వయముగా విచ్చేసి, చిత్రమును మిక్కిలి మెచ్చుకొనిరి.’

దీపాలు ఆర్పారు. తెర మీద చెరకుతోట కనబడగానే ఈలలు. “అదుగో మామ! మామేరా!” అని బెంచీలెక్కారు. “ఆ సెయ్యి నాదే! ఇప్పుడెళ్ళిపోయింది సూడు, ఆ సెయ్యి!” అని ఎవడో ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. అత్త బెంచీ మీంచి సగం లేచి అలాగే ఉండిపోయింది. తెరంత పొడుగున మావయ్య నుదురు, దాని మీద చెమట చుక్క. అప్పుడు వెనక నుంచి గంభీరమైన గొంతొకటి మొదలెట్టింది. తరతరాల అజ్ఞానంలో మగ్గుతున్న ఈ రైతు, మసి, చెమట, ఈగల నడుమ, మిల్లుకు తోలి జాతికి అందించవలసిన చెరకును ఈ విధంగా వృథా చేస్తున్నాడని ఆ గొంతు ఎంతో శ్రావ్యంగా చెప్పింది. మావయ్య చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. నాలుగుసార్లూ ఉంచారు.

హాలు చప్పబడిపోయింది. అత్తకి ఆ పుస్తకాల భాష ఒక్క ముక్క ఎక్కలేదు. మొహం వెలిగిపోతుండగా మావయ్య వైపు వంగి, “ఏటంతన్నాడు?” అని అడిగింది. మావయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. “మెచ్చుకుంతన్నాడే” అన్నాడు. వాళ్ళ వెనక బెంచీలో ఉన్న నేను ఆ మాట విన్నాను. ఇన్నేళ్ళలో చాలా మాటలు మరిచిపోయాను, అది మాత్రం మరిచిపోలేదు.

ఈలోగా సెట్టిగారు లేచారు. “ఎవుడ్రా మా బెల్లం మురికన్నోడు? ఆపండి బొమ్మ! మీ మిల్లులో పనిసేసినోడికి సెమట పట్టదేటి, గంధం పడుతుందేటి?” దాంతో హాలంతా లేచింది. “అరె భాయ్, చెమట పట్టకుండా సోడా కూడా రాదు” అని సాయిబుగారు తన వంతు తనూ అరిచాడు. జనం తిట్టేకొద్దీ ఆ గొంతు మరింత మర్యాదగా మాట్లాడుతూ పోయింది. ఎవరో బెల్లం ముక్కొకటి విసిరారు. అది వెళ్ళి తెరకి అంటుకుంది. (ఆ వారమంతా అసలు సినిమాలో హీరోయిన్ చెంప మీద చీమలు పాకాయని మేనేజరు నా దగ్గర మొత్తుకున్నాడు.) దీపాలు వేశారు. తిట్టడానికి గొంతు మాయమయ్యేసరికి అందరికీ మావయ్య కనబడ్డాడు. “నీకు సిగ్గు లేదేటి? సినిమాలో కనపడాలని మా ఊరి పరువు తీసేవు. ఆ కెమెరావాళ్ళని నీ పాకలోకి పిలిసిందెవరు?” అని సెట్టిగారు అందరి ముందూ నిలదీశారు. నేను అక్కడే ఉన్నాను. మావయ్య నా వైపు చూడనైనా చూడకుండా, “నానే పిలిసేను” అన్నాడు. “అయితే నీ దిమ్మలింక నా కొట్టుకి తేకు” అనేసి సెట్టిగారు వెళ్ళిపోయారు. పల్లె జనం అసలు సినిమా చూడకుండానే బళ్ళెక్కారు.

మర్నాడు వర్తకులంతా సంతకాలు పెట్టి అర్జీ పంపారు. వారం తిరక్కుండా పై ఆఫీసరుగారు స్వయంగా వచ్చి నన్ను పిలిపించారు. బల్ల మీద ఒక పక్క అర్జీ, ఇంకో పక్క నా ఫారం. “రెండూ ఒకే ఆట గురించి. ఒకదాంట్లో తెర మీదకి బెల్లం విసిరారట, రెండో దాంట్లో మిక్కిలి మెచ్చుకున్నారట. నీది నిజమైతే కింద ఇంకో సంతకం పెట్టు. అర్జీ ఎవరో కిట్టనివాళ్ళు పెట్టిందని రాసేస్తాను. అనకాపల్లి రైతులే మెచ్చుకున్నారని చెప్పి బొమ్మని అన్ని జిల్లాలకీ పంపుతారు. నీ పర్మనెంటు కాగితం కూడా కదుల్తుంది” అన్నారు. చెడ్డమనిషి కాదు. నాకు టీ కూడా తెప్పించారు.

కలం చేతిలోకి తీసుకున్నాను కూడా. అన్ని జిల్లాల్లో, అన్ని హాళ్ళలో మావయ్య నాలుగేసిసార్లు చెమట తుడుచుకోవడం కళ్ళ ముందు మెదిలింది. కలం కింద పెట్టేశాను. “ఖాళీ ఫారం ఒకటి ఇప్పించండి” అన్నాను. ఆ చిన్న గడి చాలక ఏడు కాగితాలు జోడించాను. సెట్టిగారు అన్నది సెట్టిగారి మాటల్లోనే రాశాను. సాయిబుగారు అన్నది, చెయ్యి కనబడినవాడు అన్నది, అన్నీ అన్నవి అన్నట్టే. చివర్న ఇలా రాశాను: ‘చిత్రంలో కనిపించిన రైతు ఏమీ అనలేదు. ఆయన్ని చూపించింది నేను. ఇంతకుముందు పంపిన స్పందన ఆట చూడకముందు రాసినది.’ ఆఫీసరుగారు మధ్యలో ఒకచోట ఫక్కున నవ్వారు. చివరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసేశారు. “ఈ గడిలో ఎవరైనా నిజం రాయడం నా సర్వీసులో ఇదే చూడటం. నిన్ను మెచ్చుకోవాలి. ఉద్యోగంలో ఉంచడానికి మాత్రం కుదరదు” అన్నారు. మా ఊళ్ళో ఆ బొమ్మ మళ్ళీ వెయ్యలేదు. మిగతా ఊళ్ళకి వెళ్ళిందో లేదో నాకు తెలీదు.

పోయే ఉద్యోగం ఎలాగూ పోయింది కాబట్టి ధైర్యం వచ్చేసింది. అక్కణ్ణించి నేరుగా సెట్టిగారి కొట్టుకెళ్ళి, కెమెరా తెచ్చింది నేనని చెప్పేశాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, “గవర్నమెంటు గుమాస్తావనుకున్నాను గాని, ఇంత ఎర్రిమొహానివనుకోలేదురా” అన్నారు. తర్వాత కాసేపు తల గోక్కుని, “రేపు దిమ్మలు అట్టుకు రమ్మన్నానని సెప్పు మీ మామకి” అన్నారు.

ఆ కబురు పట్టుకుని పొద్దుగూకే వేళకి కశింకోట వైపు నడిచాను. మావయ్య విని తలూపాడు, అంతే. ఉద్యోగం సంగతి చెబితే, “పోనీలేరా” అన్నాడు. అత్త నాకు అన్నం పెడుతూ, “అల్లుడా, నువ్వు సదూకున్నోడివి. ఆ సినిమాలో ఆ బాబు మీ మామని ఏటేటన్నాడో వరసగా సెప్పరా. ఈయన్నడిగితే ఒక ముక్క సెప్పి ఊరుకున్నాడు” అంది. మావయ్య తింటున్న చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు. ఇంక జన్మలో అబద్ధపు స్పందన రాయనని ఆ సాయంత్రమే దారిలో ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టుకి రెండు గంటల వయసు కూడా లేదు. “ఈ రైతు పాకం దించితే దేశంలో ఇంకెవ్వరూ దించక్కర్లేదన్నాడత్తా” అని మొదలెట్టాను. అది ఆయన చెమటోడ్చి తీసే తీపి అని, ఆ పొయ్యి ముందర అలికిన అలుకు కూడా అద్దంలా ఉందని, కంచం ఎండిపోయేదాకా చెప్పాను. మధ్యలో మావయ్య అందుకుని, “గానుగెద్దుల్ని కూడా మెచ్చుకున్నాడే” అన్నాడు.

అత్త అంతా విని, “మరంత బాగా సెప్పితే ఆ జనమంతా ఎందుకలగ గోల సేసేరు?” అని అడిగింది. మావయ్య తాపీగా చెయ్యి కడుక్కుంటూ, “ఓర్వలేక” అన్నాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఉద్యోగాలు తర్వాత వేరేవి దొరికాయి, ఇంకో ఊళ్ళో పర్మనెంటు కూడా అయ్యాను. అత్తా మావయ్యా ఇద్దరూ లేరు. ఏడు కాగితాల్లో నిజం రాసి ఉద్యోగం పోగొట్టుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కొంచెం గర్వంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, తడుముకోకుండా అంత అబద్ధం ఆడిన కుర్రవాడంటేనే నాకెక్కువ ఇష్టం.