చెరిపేసిన లెక్కలు

మా అక్క మూడో తరగతి టీచరు. ఇరవై రెండేళ్ళుగా మూడో తరగతే. తోటివాళ్ళంతా పై తరగతులకు వెళ్ళారు, కొందరు హెడ్‌మాస్టర్లయ్యారు. ఈవిడ మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లల మధ్యనుంచి కదలనంటే కదలనంది. అలాంటి మనిషి నలభై ఏడో ఏట విశ్వవిద్యాలయానికి వెళ్ళి, విద్యాశాఖలో డాక్టరేటుకు పేరు రాయించుకుని వచ్చింది. మా బావ ఆసుపత్రిలో మందుల కౌంటరు దగ్గర పనిచేస్తాడు. "ఇంట్లో డాక్టరుంటే మంచిదే గానీ, నువ్వు చీటీ రాస్తే మాత్రం నేను మందివ్వను" అన్నాడు. అక్క నవ్వలేదు. ఈ విషయంలో ఆవిడతో వేళాకోళం కుదరదని మా ఇద్దరికీ ఆ రోజే అర్థమైంది.

నా దుకాణం ఆ విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగానే ఉంది. జిరాక్సు, బైండింగు. ఇన్నేళ్ళలో ఎందరి థీసిస్‌లకు అట్టలు వేశానో నాకే తెలియదు. పరిశోధకులంటే నాకు గౌరవం తక్కువ, జాలి ఎక్కువ. అందరూ ఆఖరి రోజునే వస్తారు. అందరికీ అర్జంటే. అందరి పుస్తకాల పేర్లూ 'ఒక అధ్యయనం' అనే ముగుస్తాయి. మా అక్క కూడా ఆ గుంపులో చేరుతోందంటే నాకు ఒళ్ళు మండింది.

పేరు రాయించుకున్నంత మాత్రాన అక్కడ పరిశోధన మొదలుపెట్టనివ్వరు. ఏం చేయబోతున్నదీ, ఎలా చేస్తారన్నదీ ముందుగా ఒక ప్రతిపాదనగా రాసి, నలుగురు సభ్యుల కమిటీ ముందు నిలబడి సమర్థించుకోవాలి. దానికి రెండే అవకాశాలు. రెండోసారీ కాదంటే పేరు కొట్టేస్తారు. అక్క వయసు దాటినవాళ్ళను మళ్ళీ చేర్చుకోరు కూడా.

మొదటిసారి అక్క తన గైడు చెప్పినట్టల్లా చేసింది. గైడు గారు మంచివాడే. మరో మూడేళ్ళలో రిటైరవుతాడు, ఏది అడిగినా "చూద్దాం" అంటాడు. ఆయన సలహా మీద పన్నెండు బడులు, వెయ్యిమంది పిల్లలు, నలభై పేజీల ప్రశ్నావళి, బారెడు శీర్షిక పెట్టింది. ఆ శీర్షిక ఒక్క గుక్కలో చదివితే ఊపిరి ఆగిపోతుంది. కమిటీలో గణాంకాలు చెప్పే మేడం ఒకావిడ ఉన్నారు. పరిశోధకులు ఆవిడను చాటుగా ఎర్రపెన్ను అంటారు. ఆవిడ అంతా విని ఒకే ప్రశ్న వేశారట. "మీకు ఏం తెలుసుకోవాలనుంది?" అక్క శీర్షిక మళ్ళీ చదివిందట. "అది శీర్షికమ్మా. మీకేం తెలుసుకోవాలనుందని అడుగుతున్నాను" అన్నారట ఆవిడ. ప్రతిపాదనను తిప్పి పంపేశారు. ఆ రోజు సాయంత్రం నా దుకాణానికి వచ్చి, కాగితాల కట్ట మీద కూలబడింది.

"నాకు రాదేమోరా ఇది" అంది.

నాకు ముక్కు మీదుంటుంది కోపం. "రాకపోతే మానెయ్. లేకపోతే ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పు. నిజంగా నీకేం తెలుసుకోవాలి? నాకు చెప్పు, ఆ పెద్ద పెద్ద మాటలు లేకుండా చెప్పు."

నేను ఎవరివో పేజీలు కత్తిరించుకుంటూ ఉన్నాను.

"పిల్లలు రబ్బరుతో చెరిపేస్తారు చూడు. చెరిపేసే ముందు అక్కడ ఏం రాశారో తెలుసుకోవాలిరా" అంది ఉన్నట్టుండి. "మేం చివర్లో ఉన్న జవాబు చూసి టిక్కు పెడతాం, లేదా కొట్టేస్తాం. వాడు అక్కడిదాకా ఎలా వచ్చాడో మాకెవరికీ తెలీదు. ఆ దారంతా రబ్బరు పొడిలో ఊడ్చి పారేస్తున్నాం."

నేను కత్తెర కింద పెట్టేశాను. "ఇదే రాయి అక్కా. ఇలాగే రాయి" అన్నాను.

తర్వాతి ఆరు నెలలూ అక్క కాలికి బలపం కట్టుకుని తిరిగింది. బడి వదలగానే గ్రంథాలయం, అక్కణ్ణుంచి గైడు గది. చుట్టుపక్కల బడుల్లో టీచర్లను బతిమాలి పిల్లల లెక్కల పుస్తకాలు తెచ్చేది. వాటిని కిటికీ అద్దానికి ఆనించి, వెలుగులో చెరిపిన అంకెల ఆనవాళ్ళు వెతికేది. "ఇంత చిన్న విషయమా? కమిటీ ఊరుకోదు, చూద్దాం" అన్నాడు గైడు. "చిన్నదే కావాలి సార్" అంది అక్క. ఆయనతో ఆవిడ అలా మాట్లాడటం అదే మొదలు. చివరికి బడులను ఆరుకు తగ్గించి సంతకం పెట్టాడు.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర రిహార్సళ్ళు జరిగేవి. బావ కళ్ళజోడు ముక్కు చివరకు దించి అధ్యక్షుడయ్యేవాడు. ప్రతిసారీ ఆయనది ఒకటే ప్రశ్న. "దీనివల్ల సమాజానికి ఏం లాభం?" అక్క ప్రతిసారీ ఓపిగ్గా జవాబు చెప్పేది. ఆఖరి వారం మాత్రం, "ముందు మీరు అన్నం తినండి, సమాజం తర్వాత తింటుంది" అని కసిరింది. దాంతో మాకు ధైర్యమొచ్చింది. కసిరిందంటే అక్క బాగున్నట్టే.

ప్రతిపాదన చివర అనుబంధంగా ఎనిమిది పేజీలు పెట్టింది. అవి పిల్లల పుస్తకాల్లోని పేజీల నకళ్ళు. చెరిపిన అంకెలు మసక మసగ్గా కనిపించేవి ఏరి ఏరి తీసింది. "ఉన్నది ఉన్నట్టు తియ్యరా" అని నాకిచ్చి, నేను తీయగానే పుస్తకాలను అదే రోజు పిల్లలకు తిరిగిచ్చేసింది. వాళ్ళకు హోంవర్కు ఉంటుంది కదా. నేను అయిదు ప్రతులూ కుట్టి, అట్టలు వేసి, నాలుగింటిని వారం ముందే కమిటీకి అందజేశాను. అయిదోది అక్కకిచ్చాను. నా జీవితంలో అంత శుభ్రంగా ఇంకెవరికీ చేసిపెట్టలేదు.

ఆ శుభ్రమే కొంప ముంచింది.

సమర్థన రోజు నేను దుకాణం మూసి వెళ్ళాను. అది ఎవరైనా కూర్చుని వినవచ్చు. మూడో అంతస్తులో పొడవాటి బల్ల, దాని వెనక నలుగురు సభ్యులు, పక్కగా గైడు, గోడకు నల్లబల్ల. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. అక్క లేచి నల్లబల్ల పక్కన నిలబడింది. తెలుసుకోవాలనుకున్నది ఒక్క వాక్యంలో చెప్పింది. ఎర్రపెన్ను మేడం తలెత్తి చూశారు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు అధ్యక్షుడు అనుబంధం తెరిచాడు. ఒక పేజీ చూశాడు. ఇంకో పేజీ తిప్పాడు.

"చెరిపేసిన తప్పులన్నారు. ఏవమ్మా? ఇందులో అన్నీ ఒప్పులేగా?"

అక్క తన ప్రతి తెరిచింది. అనుబంధం తనకు కొట్టిన పిండి కదా అని వారమంతా ఆ పేజీలు తెరవనేలేదు. ఎనిమిది పేజీలూ గబగబా తిప్పింది. అప్పుడు వెలిగింది నాకు. మా యంత్రానికి ఒక మీట ఉంటుంది. దాన్ని తెలుపు వైపు జరిపితే పెన్సిలు మరకలు, మడతల నీడలు, అన్నీ పోయి కాగితం మల్లెపువ్వులా వస్తుంది. ఎవరు ఏ పాత కాగితం తెచ్చినా నా చెయ్యి ముందు ఆ మీట మీదికే వెళుతుంది. అలవాటు. అక్క ఆరు నెలలు కళ్ళు పొడుచుకుని వెతికిన అంకెలన్నిటినీ నేను అరగంటలో మాయం చేశాను.

లేచి నిలబడ్డాను. "తప్పు నాదండీ. శుభ్రంగా రావాలని మరకలన్నీ తీసేశాను."

"మీరెవరు?"

"బైండింగు షాపువాణ్ణండీ. ఆవిడ తమ్ముణ్ణి."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆధారాలు లేకుండా మేం ఏం చూడాలి? వాయిదా వేద్దామంటే నిబంధన ఒప్పుకోదు. ఇది రెండోసారి" అన్నాడు. గైడు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈసారి 'చూద్దాం' అని కూడా అనలేదు.

"బోర్డు వాడుకోవచ్చా అండీ?" అంది అక్క.

సుద్దముక్క తీసుకుని 304 లోంచి 126 తీసివేత వేసింది. "పుస్తకాలు పిల్లలకు ఇచ్చేశాను. నాకు బాగా గుర్తున్న లెక్క ఒకటి వేస్తాను. ఈ పిల్లాడు మొదట 222 రాశాడు. చెరిపాడు. తర్వాత 288 రాశాడు. చెరిపాడు. మూడోసారి 188. ఎందుకో మీరు చెప్పగలరా?"

నలుగురూ ముందుకు వంగారు. "222 తేలికే. ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు" అన్నాడు అధ్యక్షుడు. 288 దగ్గర ఇద్దరు సభ్యులు వాదించుకున్నారు. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాలని తెలిసింది గానీ, ఇచ్చిన చోట తగ్గించలేదని అక్క చెప్పింది. 188 దగ్గర వందల్లో తగ్గించాడు, పదుల్లో మరిచాడు.

"మరి సరైన జవాబు, 178, ఎప్పుడు రాశాడు?" అడిగాడు అధ్యక్షుడు.

"రాయలేదండీ. చెరిపి చెరిపి అక్కడ కాగితం చిరిగింది. టీచరు పుస్తకం లాక్కుని, వీడికి లెక్కలు రావు అని రాసేసింది. నిజానికి వాడికి ఇంకొక్క మెట్టే ఉంది."

ఆ పుస్తకం నాది.

ఎర్రపెన్ను మేడం ఊరుకోలేదు. "బాగుంది. కానీ ఇదంతా మీ ఊహ. వాడు అలాగే అనుకున్నాడని మీకెలా తెలుసు? అడిగారా?"

"అడగలేదండీ. అప్పుడు నాకు పదకొండేళ్ళు" అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు అడగొచ్చు. వెనక బెంచీలో ఉన్నాడు."

అందరూ తిరిగి నన్ను చూశారు. మేడం నన్నే అడిగారు, "చెప్పండి. రెండోసారి ఏమనుకుని 288 రాశారు?"

అబద్ధం చెప్పి అక్కను గట్టెక్కించొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే ఒకసారి శుభ్రం చేసి చెడగొట్టాను. "నేనేమీ అనుకోలేదండీ. పక్కవాడి పుస్తకంలో చూసి వేసేశాను."

గది గొల్లుమంది. అధ్యక్షుడు కూడా నవ్వాడు. అక్క నవ్వుతూనే బోర్డు మీద 288 పక్కన తన ఊహకు ఇంటూ గుర్తు పెట్టింది. "చూశారా, నా ఊహ తప్పింది. అందుకే పక్కన కూర్చోబెట్టుకుని అడగాలంటున్నానండీ. నా ఊహ ఎన్నిసార్లు తప్పిందో కూడా థీసిస్‌లో రాస్తాను."

మేడం కలం మూత పెట్టారు. "మరి మూడోది?" అన్నారు నాతో, కాస్త మెత్తగా.

"అది నేనే చేశానండీ. వందల్లోంచి ఒకటి తెచ్చుకున్నాం కదా, అక్కడ తగ్గాలి కదా అనిపించింది. పదుల సంగతి తట్టేలోపే చిరిగిపోయింది."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ముప్ఫై ఆరేళ్ళు నేను మొద్దునని నమ్మి బతికాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది కూడా లెక్కల భయంతోనే.

"ఇంకొక్క మెట్టే ఉందని అప్పుడే చెప్పొచ్చు కదక్కా" అన్నాను.

"అప్పుడు నాకూ తెలీదురా. నువ్వు ఏడుస్తుంటే చూడటం తప్ప ఏమీ తెలీదు. అది అర్థం కావడానికే ఇన్నేళ్ళూ మూడో తరగతిలో కూర్చున్నాను" అంది.

లోపలికి పిలిచారు. అధ్యక్షుడు కాగితం చూసి చదివాడు. ఆరు బడులు వద్దు, మూడు చాలు. ప్రతి పిల్లాడి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల్ని ఏమేం అడుగుతారో నెలలోగా రాసివ్వాలి. అనుబంధం మళ్ళీ జతచేయాలి. అక్క ఒక్కొక్కదానికీ తలూపుతోంది. ఇది ఎటు పోతోందో నాకు తెలియలేదు.

"ఈ షరతులతో ప్రతిపాదనను ఆమోదిస్తున్నాం."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. "అంటే... నేను మళ్ళీ మీ ముందుకు రానక్కర్లేదా అండీ?"

జవాబు ఎర్రపెన్ను మేడం చెప్పారు. "ఎందుకు రానక్కర్లేదు? మూడేళ్ళ తర్వాత రావాలి. పిల్లలు ఏం చెప్పారో మాకు చెప్పాలి."

"వస్తానండీ" అంది అక్క. ఆ రెండో అవకాశం గురించి ఆరు నెలలుగా ఒక్క కన్నీటిచుక్క రాల్చని మనిషి, అక్కడే, ఆ నలుగురి ముందే భోరున ఏడ్చేసింది.