పోట్స్‌డామ్ ఓడ ఎక్కాలంటే చేవెళ్ల దాటాలె

అరవై తొమ్మిదిల బొంబాయి నుంచి నాకు తంతి వచ్చింది. ఓడ బయలుదేరుతున్నది, గురువారం పొద్దుగాల రేవుల హాజరు కావాలె అని. నేను ఆ ఓడల పొయ్యిలకు బొగ్గేసేటోణ్ని. హాజరు కాకపోతే నా జాగల ఇంకొకణ్ని తీసుకుంటరు, మళ్ల నా పేరు రావాలంటే యాడాది లైన్ల నిలబడాలె. ఎంకపల్లిల మా ఇంట్ల సంపాయించేది నేనొక్కణ్నే. ఇప్పుడు మొయినాబాద్, చేవెళ్ల మీదికెల్లి వికారాబాద్‌కు బండ్లేసుకొని పోయే పిల్లలు తొవ్వ ఎట్లుంటదని నన్ను అడుగుతుంటరు. ఇప్పుడు మంచిగనే ఉంటది, చేవెళ్ల నుంచి బస్సుల గంట. నేను పోయిన్నాడు ఎట్లుండెనో చెప్త, వినుండ్రి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, తంతి వచ్చింది గని బస్సులు లేవు. తెలంగాణ కొట్లాటల అంత బంద్. పట్నం పోయి రైలెక్కే ముచ్చటే లేదు. అందుకని వికారాబాద్‌ల సాయంత్రం బొంబాయి బండి పట్టుకుందామనుకున్న. మంగళవారం పొద్దుగాల ఐదింటికి నన్ను కన్న మా అవ్వ సంచి సదిరి, ప్రార్థన చేసి చేతికిచ్చింది. మొయినాబాద్ దాక గంట నడిచిన. అక్కడ పశువుల సొప్ప ఏసుకపోయే ఎడ్లబండాయన దొరికిండు. ముప్పావలా అడిగి అర్ధ రూపాయికి ఒప్పుకున్నడు, పైకెల్లి తన రొట్టెల సగం నాకే పెట్టిండు. చేవెళ్ల చేరేసరికి పది అయింది.

చేవెళ్లల బీజాపూర్ రోడ్డుకు అడ్డంగ బండరాళ్లు, మొద్దులు. పది పదిహేను మంది నిలబడ్డరు. వాళ్లల్ల పెద్దాయనకు ముప్పై ఏండ్లుంటయి, వకాలత్ చదివి కొలువు లేక కూసున్నోడట. అందరు ఆయనను అన్న అనే పిలుస్తున్నరు. "యాడికి తమ్మీ?" అన్నడు. కొలువుకని చెప్పిన. "ఏం కొలువు?" ఓడల అని చెప్పిన. ఒక్కటే నవ్వుడు! "చేవెళ్లకు ఓడ యాడికెల్లి వచ్చిందిరా, ఏదీ కాయితం చూపెట్టు" అన్నరు. సంచిల చెయ్యి పెడితే ముల్కీ సర్టిఫికెట్ వచ్చింది. వీడు ఈ ఇలాకలనే పుట్టి పెరిగినోడని తాసిల్దారు రాసిచ్చే కాయితమది. ఆ యాడాది లొల్లంత, కొలువులు ముల్కీలకే రావాలెనని. కాని ఓడ కొలువుకు కావాల్సింది అది కాదు, నా ఫొటో ఉన్న నావికుల బుక్కు. అది లేకుంటే రేవు గేటు గూడ దాటనియ్యరు. సంచంత బోర్లిచ్చిన, లేదు. ఓరి దేవుడా, బుక్కు ఇంట్లనే ఉండిపోయింది, అది లేకుంటే నా కొలువు పోతదని అన్నకు చెప్పిన.

నా మొఖం చూసి అన్న తన ఫటఫటీ, అదే మోటారుసైకిల్, తీసిండు. "అన్నా, బంద్ పెట్టింది మనమే, తిరిగేది మనమేనా?" అని ఒకాయన గరమైండు. "కొలువుల కోసమే గద బంద్! చేతికచ్చిన కొలువు పోగొడితే ఇంకెందుకీ రాళ్లు?" అన్నడు అన్న. నన్ను ఎనుక కూసోబెట్టుకున్నడు.

మళ్ల ఎంకపల్లికే పోయినం. మా అవ్వకు చదువు రాదు. "పెద్ద ముద్ర ఉన్నదే పెట్టిన బిడ్డా, కొలువంటే గదే అడుగుతరని ఊరంత చెప్తున్నరు గద" అని ఏడ్సింది. నాకు కోపం నాలుక దాక వచ్చింది గని, అన్న ముందే అందుకున్నడు. "నీ తప్పేం లేదవ్వా. ఈ యాడాది అందరి తలకాయల్ల గదే కాయితమున్నది." అవ్వ కండ్లు తుడుసుకొని పెట్టెలకెల్లి బుక్కు తెచ్చింది. ఈసారి అంగీ లోపలనే పెట్టుకున్న.

వికారాబాద్ దిక్కు పోతుంటే ఓడ సంగతి అడిగిండు. గాలికి అరుసుకుంట చెప్పిన. జర్మనీ యుద్ధంల ఓడినంక గెలిచినోళ్లు షరతు పెట్టిన్రు. పెద్ద ఓడలు కట్టొద్దు, జోరుగ ఉరికేటియి కట్టొద్దు. ఆ షరతుల్లకెల్లి పుట్టినయే మా చిన్న బొగ్గు ఓడలు, అన్నీ ఒక్కతీరు. షరతులు రాసిన ఊరి పేరు మీద పోట్స్‌డామ్ ఓడలంటరని మా ఇంజనీరు చెప్పేటోడు. కొన్నేండ్లకు హద్దులు ఎత్తేస్తే పెద్ద డీజిల్ ఓడలు వచ్చినయి, వీటిని దేశదేశాలకు అమ్మేసిన్రు. అట్ల ఒకటి బొంబాయికొచ్చి పడ్డది. "హద్దు గీసినా కట్టుడు ఆపలేదన్నట్టు" అన్నడు అన్న. "మనకేమో కొలువులు మనకేనని కాయితం మీద మస్తు రాసిచ్చిన్రు తమ్మీ, అమలే లేదు." మన్నెగూడ కాడ మళ్ల రోడ్డు ఆపిన్రు. అన్న "జై తెలంగాణ" అంటే మొద్దు పక్కకు జరిపిన్రు.

తొవ్వ పొడుగున రాళ్లు తప్పించుకుంట పోయేసరికి పొద్దు వాలింది, రైలుకు అర్ధగంట ముందు టేషన్ చేరినం. మీటింగు కోసం దాసిపెట్టిన పెట్రోలంత నాకే ఖర్చు పెట్టిండు, పైసలిస్తే తీసుకోలే. "నువ్వు గూడ రా అన్నా, సిఫారసు చేస్త. అక్కడ ముల్కీ గిల్కీ అడగరు, పొయ్యి ముంగట నిలబడగలవా అనే అడుగుతరు" అని చెప్పిన. నవ్విండు. "అందరం పోతే రోడ్డు మీద ఎవరుంటరు?" అన్నడు. ఇంతల రైలొచ్చింది, ఉరికి ఎక్కిన.

గురువారం పొద్దుగాల బుక్కు మీద ముద్ర పడ్డది. ఆ కొలువుతోనే మా ఇల్లు నిలబడ్డది. కొన్నేండ్లకు ఆ ఓడను విరగ్గొట్టి ఇనుము కింద అమ్మిన్రు, అసొంటియి ఇప్పుడు ఏ రేవుల కండ్లబడవు. ఆ రైలెక్కిన యాడాదికి ఇంటికొచ్చినంక చేవెళ్ల పోయి, పేరు తెల్వదు గనక, రోడ్డు ఆపినాయన ఎవరని అడిగిన. ఛాయ్ దుకాణం ముసలాయన పకపక నవ్విండు. "ఆ యాడాది రోడ్డు ఆపనోడెవడు బిడ్డా?" రెండు దినాలు తిరిగిన, దొరకలే. ఉన్నడో, పోలీసుల తూటాలకు పోయిండో గూడ తెల్వదు. నా కడుపుల అన్నం ఆయన పెట్టిందే అని ఆయనకు చెప్పలేకపోయిన. మీకొక్కటే చెప్త. తొవ్వల ఎవరన్న మిమ్మల్ని దించిపోతే, దిగంగనే పేరు, ఊరు అడుగుండ్రి. రైలు కూత పెట్టినా సరే, అడిగినంకనే ఎక్కుండ్రి.