పదో రీబౌండ్

ఆ సీజన్‌లో నేను నగరంలోని ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆడేవాణ్ని. మా ఇబ్రహీంపట్నంలో ఈ మాట చెబితే ఇప్పటికీ నమ్మనివాళ్లే ఎక్కువ. అంత పొడుగు పెరిగినందుకు ఊళ్లో నాకు దక్కిన మర్యాదల్లా, ఎవరింట్లో బల్బు మాడిపోయినా స్టూలుకు బదులు నన్ను పిలవడం.

జట్టులో నాకు అప్పగించిన పని రీబౌండ్లు. ఎవడైనా వేసిన బంతి బుట్టలో పడకుండా తిరిగొస్తే, అందరికంటే ముందు ఎగిరి దాన్ని పట్టుకోవాలి. బుట్టలో వేసినవాడికి చప్పట్లు, పట్టుకున్నవాడికి మోచేతి పోట్లు. అయితే మ్యాచ్ అయ్యాక వచ్చే గణాంకాల కాగితంలో రీబౌండ్లకూ ఒక గడి ఉంటుంది. మా మేనేజర్‌కు ఆట చూసే ఓపిక లేదు, ఆ కాగితమే చూసేవాడు. ఆఖరి మ్యాచ్‌కు ముందు నన్ను పిలిచి, నా గడిలో ఒక్కసారైనా పది కనిపిస్తే వచ్చే ఏడాది కాంట్రాక్టు గురించి మాట్లాడదామన్నాడు. లేదంటే కొంగరకలాన్‌లో కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మా మేనమామ మాట్లాడిపెట్టిన ఉద్యోగం ఉండనే ఉంది. ఉద్యోగం చెడ్డదేమీ కాదు. నాకు ఆట కావాలి, అంతే.

ఆ గణాంకాలు చెప్పేది మా అక్క. చిన్నప్పుడు నన్ను ఇంటికి తీసుకుపోవడానికి స్కూలు గ్రౌండుకు వచ్చేది. నేను కదలకపోతే చేసేదేమీ లేక మెట్ల మీద కూర్చుని ఎవరు ఎన్ని పట్టారో లెక్కపెట్టేది. చివరికి అదే ఆమెకు పనైంది. పరీక్ష పాసై లీగ్ మ్యాచ్‌ల్లో లెక్కలు రాసే టేబుల్ దగ్గర చేరింది. ఆమె ఆట మీద నుంచి చూపు తిప్పకుండా 'రీబౌండ్, ఏడు' అని ఆటగాడి నంబరు చెబుతుంది, పక్కనున్న అమ్మాయి కంప్యూటర్లో కొడుతుంది. ఏడో నంబరు నాదే. తమ్ముడు ఆడుతున్నాడని టేబుల్ పెద్దాయనకు అక్క ముందే చెప్పింది. మనుషులు దొరకడమే గగనమైతే చుట్టరికాలు ఎక్కడ చూడనమ్మా అని ఆయన నవ్వేశాడట.

ఇక్కడ మా బాపు సంగతి చెప్పాలి. మాది చేపలు పట్టే ఇల్లు. పెద్దచెరువులో సంఘం వాళ్లంతా కలిసి వల లాగాక, చేపల్ని కట్ట మీద కుప్పలు పోసి పంచేది బాపే. పంచేవాడు తన కుప్ప ఆఖరున తీసుకోవాలి, అది అక్కడి పద్ధతి. అందరూ ఎంచుకుని పోయాక మిగిలిందే మాది. బొచ్చె, రవ్వ లాంటి పెద్ద చేపలు ఊరివాళ్ల గిన్నెల్లో ఉడికితే మా ఇంట్లో ఒళ్లంతా ముళ్లున్న చిన్న పరకలు ఉడికేవి. బాపుకు అదొక గర్వం, అమ్మకు ఒళ్లు మంట. అక్క మాత్రం అచ్చం బాపు బిడ్డ. కూర వడ్డించేటప్పుడు కూడా తన ముక్క ఆఖరునే వేసుకునేది.

ఆఖరి మ్యాచ్ రోజు ఆట చివరిదాకా ఎటూ తేలలేదు. చివరి క్షణాల్లో మాకు ఒక్క పాయింటు ఎక్కువ, నా గడిలో తొమ్మిది. అవతలివాడు ఆఖరి షాట్ వేశాడు. బంతి రింగుకు తగిలి పైకి లేచింది. నేనూ, మా జట్టువాడే ఇంకొకడూ ఒకేసారి ఎగిరాం. బంతి నా రెండు చేతుల్లోకి వచ్చింది. దిగుతుంటే వాడూ పట్టేశాడు, ఇద్దరం కలిసి నేల మీద పడ్డాం. బజర్ మోగింది. మేము గెలిచాం. మావాళ్లు గెంతుతుంటే నేను కాగితం కోసం టేబుల్ దగ్గరికి పరిగెత్తాను. నాకు తొమ్మిదే ఉన్నాయి. ఆ బంతిని అక్క వాడి లెక్కలో వేసింది. నా ముఖం చూడకుండా బ్యాగు సర్దుకుంటోంది.

అక్కను వెనక ఎక్కించుకుని సాగర్ రోడ్డు మీద బండి నడుపుతూ నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు. ప్లాట్ల హోర్డింగులు వెనక్కి పోతున్నకొద్దీ నా గొంతు పెరిగింది. బొంగ్లూరు గేటు దగ్గర బండి పక్కకు ఆపి దిగాను.

"అక్కా, అది చేప గాదు పంచనీకి. నేను పట్టిన."

"ఇద్దరి చేతులల్ల ఉండె. నా తమ్మునికే ఏసుకుంటే మంది ఏమంటరు?" అంది అక్క. నేను మళ్లీ బండి ఎక్కి ఇంటికి తోలాను.

బాపు వాకిట్లో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. బూట్లయినా విప్పకుండా ఆయన ముందు పంచాయితీ పెట్టాను. అంతా విని, అక్క చేసింది సబబే అన్నట్టు తలూపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మార్కెట్ నుంచి వచ్చిన అమ్మ పక్కనే చేపల గంప కడుగుతోంది. ఆమెకు ఈ ఆట తలా తోకా తెలియదు. బంతి ముందుగా ఎవరికి దొరికిందని మాత్రం అడిగింది. వీడికేనని అక్క మెల్లగా చెప్పింది.

"మీ బాపు ఆఖరికి తీస్కున్నా తన కుప్ప ఇంటికైతె తెచ్చిండు," అక్కతో అంది అమ్మ. "నువ్వు మొత్తానికే ఆడ ఇడ్సిపెట్టి వచ్చినవ్."

బాపు చేతిలో కుట్టు ఆగింది. "అవ్ బిడ్డా, గది నిజమే," అన్నాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూడగానే నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇక వదిలేయమని నేనే బతిమాలాను. ఆమె వినకుండా టేబుల్ పెద్దాయనకు ఫోన్ చేసి, ఆఖరి రీబౌండ్ వీడియో మీరే చూసి మీరే చెప్పండి, నన్ను ఏమీ అడగొద్దు అంది. మర్నాడు ఆయన దాన్ని నా గడిలోకి మార్చాడు. పది.

మేనేజర్ ఆ పది చూశాడు. చూసి, వచ్చే ఏడాదికి బుట్టలో వేసేవాళ్లు కావాలన్నాడు. నేను కొంగరకలాన్ ఫ్యాక్టరీలో చేరాను. ఆ రోజే పది వేసి ఉంటే ఉంచుకునేవాళ్లేమోనని అక్క చాలాకాలం బాధపడింది. అదేమీ లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆట పోయినందుకు నాకూ దుఃఖం తీరలేదు, ఎందుకు దాచాలి?

ఇప్పుడు ఆదివారం పొద్దున పాత దోస్తులం స్కూలు గ్రౌండులో ఆడుకుంటాం. అక్క వచ్చి ఆ మెట్ల మీదే కూర్చుంటుంది. కంప్యూటరూ లేదు, కాగితమూ లేదు. నేను బంతి పడితే గ్రౌండంతా వినబడేలా 'రీబౌండ్, ఏడు' అంటుంది. నేను పట్టనివి కూడా నాకే వేస్తుంది. మొన్న దోస్తులంతా ఆట ఆపి ఆమె మీదికి తగాదాకు పోయారు.

"ముందుగాల నా తమ్మునికి," అంది అక్క, మెట్టు మీద నుంచి కదలకుండా. "మీకు ఆఖరికి ఏస్త."